ఇంకొక్క క్వెరీ

యాభై రెండు నిమిషాలు పడుతుందంట. మెషీన్లమ్మే రఘునందన్‌జీ ఆ మాట చెప్పి, నాకో ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసి, చాయ్ పంపిస్తా సర్ అంటూ ముందు గదిలోకి పోయాడు. కూర్చోవడం నాకేమన్నా కొత్తా, ముప్ఫై ఏళ్ళుగా కుర్చీలో కూర్చునే గదా ఇంత బతుకూ బతికింది. ఇప్పుడు మూడూ నలభై. యాభై రెండు కలిపితే నాలుగున్నర. ఆరింటి దాకా ఇంకా బోలెడు టైముంది. ఆరింటికి సివిల్స్ ఫారం గడువు అయిపోతుంది. ఆ ఫారం నా జేబులోనే ఉంది, అంటే జేబులో ఉన్న ఫోన్లో ఉంది. మా అమ్మాయి ఇంద్రజ పేరు, తండ్రి పేరు చెన్నకేశవులు, పుట్టిన తేదీ, డిగ్రీ, పరీక్ష రాసే ఊరు ఢిల్లీ, ఇదివరకు ఎన్నిసార్లు రాశారు అంటే అయిదు, అన్నీ నిన్న లంచ్ అవర్లో ఆఫీసులో కూర్చుని నేనే నింపేశాను. చివర ఒక్క మీట నొక్కడం మిగిలింది. ఇంద్రజకి ఈ సంగతి తెలీదు. నాకు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఆ మెషీన్ వంకే చూస్తోంది. నేనేమనుకుని వచ్చానంటే, ముందు మెషీన్ కొనిపెడతాను, అది సంతోషంగా ఉన్న టైము చూసి, ఇదిగో తల్లీ నీ ముచ్చట తీర్చాను, నా ముచ్చట కూడా తీర్చు, ఈ ఆఖరిసారి రాయి అంటాను. ఇచ్చిపుచ్చుకోవడం, అంతే. అందులో తప్పేముంది.

మెషీన్ అంటే మరీ పెద్దదేం కాదు. మా ఇంట్లో భోజనాల బల్లలో సగం ఉంటుంది. ఇనప చట్రం, దానిమీద అడ్డంగా ఒక దూలం, దూలానికి వేలాడే మోటారు, మోటారు కొసన పెన్సిల్ ములుకు లాంటి బిట్టు. కంప్యూటర్లో ఎట్టా గీస్తే అట్టా చెక్కని కోసుకుపోతుంది. సీఎన్‌సీ అంటారు. ఏడు నెలల క్రితం ఆ మూడక్షరాలు నేనెరగను, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, బెల్టు మీద నడిచేదేది, మర మీద నడిచేదేది, ఎన్ని వాట్ల మోటారైతే పన్నెండు మిల్లీమీటర్ల ప్లై కోస్తుంది, ఏది ఊరికే చప్పుడు చేస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర వినపడే రొద ఇది, ఇంకాస్త లావు గొంతుతో. సన్నటి పొట్టు లేచి ఇంద్రజ స్వెటరు మీద పడుతోంది. దులుపుకోదే. చిన్నప్పుడు యూనిఫారం మీద సుద్దముక్క మరక పడితే బడికి పోనని ఏడ్చిన పిల్ల ఇది. ఢిల్లీ పక్కన ఈ సాహిబాబాద్‌లో ఇన్ని రేకుల షెడ్లున్నాయి, వైశాలిలో మా ఇంటి నుంచి ఈ-రిక్షాలో పావుగంట దూరం, ఇరవై ఏళ్ళుగా ఈ పక్క నుంచే పోతున్నాను గానీ ఒక్క షెడ్డులోకన్నా తొంగి చూసిన పాపాన పోలేదు. నా కూతురు వెంట రావాల్సొచ్చింది.

ఈ పొట్టు మొదటిసారి నేను చూసింది దాని జుట్టులో. సివిల్స్ చదివేవాళ్ళంతా ఉండే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో రూము. ఇంటి నుంచి మెట్రోలో ముప్పావు గంటే గానీ, అక్కడుంటేనే చదువు సాగుతుందన్నారు, గ్రూపులంట, రీడింగ్ రూములంట, సరే ఉండమన్నాం. రూమంటే ఏంది, ఒక గదిని ఓనరు ప్లై చెక్క కొట్టించి రెండు చేశాడు, మంచం పడితే మనిషి పక్కకి తిరగాల్సిందే, బల్లకి చోటు లేదు. మంచం మీద బాసింపట్టు వేసుకుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివీ చదివీ మెడ పట్టేసిందని ఫోన్లో చెప్తే, మెడకి రాయమని వాళ్ళమ్మ అరుంధతి ఏదో తైలం పంపింది. ఒక ఆదివారం గోంగూర పచ్చడి డబ్బా పట్టుకుని చెప్పకుండా పోయాను. తలుపు తీసింది, జుట్టంతా పొట్టు, చేతిలో రంపం. గోడ కొట్టినప్పుడు మిగిలిన ప్లై ముక్కలు ఓనరు దగ్గర అడిగి తీసుకుని, మంచం మీద పెట్టుకునే వాలుబల్ల చేసుకుంది. మేకు లేదు, మర లేదు, మూడు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరితే బల్ల, ఊడదీస్తే పరుపు కిందకి పోతుంది. పక్కరూము పిల్ల చూసి నాక్కూడా అందంట. తర్వాత పై అంతస్తు పిల్ల. నేను వెళ్ళేటప్పటికి పదకొండోది కోస్తోంది. ప్రిలిమ్స్‌కి నలభై రోజులుంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. చదివేవాళ్ళకి బల్లలు చేసిపెట్టడానికా నిన్నిక్కడ ఉంచింది, అన్నాను. అది పచ్చడి డబ్బా తీసుకుని, కూర్చో నాన్నా, ఈ బల్ల మీద చెయ్యి పెట్టి చూడు, అంది. నేను చెయ్యి పెట్టలేదు, చెప్పులన్నా విప్పకుండా తిరిగొచ్చేశాను.

అయిదోసారి కూడా ర్యాంకు రాలేదు. రూము ఖాళీ చేసి ఇంటికొచ్చాక, జూలైలో, ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అది మా ఇంట్లో ఆచారం, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. దానికి ఏడేళ్ళప్పుడు సైకిల్ కావాలని మారాం చేస్తుంటే, ఏడిస్తే పని కాదు, నోట్ పెట్టు, ఎందుకు కావాలో రాయి, అన్నాను. రాసింది. ఆమోదం కోరుతూ, అని కింద రాసి సంతకం కూడా పెట్టింది. నేను పక్కన పొడి అక్షరాలు వేసి సైకిల్ కొనిచ్చాను. అప్పట్నుంచి ఏది కావాలన్నా కాగితమే, కళ్ళజోడైనా, కాలేజీ టూరైనా. అదే అలవాటున ఈసారీ నోట్ పెట్టింది. విషయం, ఇంటి బాల్కనీలో చిన్న వర్క్‌షాపు, ఒక సీఎన్‌సీ రౌటర్, బడ్జెట్ లక్షన్నర లోపు, అందులో సగం బల్లలమ్మి తను దాచుకున్నదే. చదివాను. ఆమోదించలేదు, కాదనలేదు. పక్కన మార్జిన్లో, చప్పుడు సంగతేమిటి, అని రాసి వెనక్కిచ్చాను.

మంత్రిత్వ శాఖలో పర్చేజ్ సెక్షన్లో చేస్తున్నవాణ్ణి, నాకు చెప్పేదెవరు. ఒక ఫైలుని చంపాలంటే కాదు అని రాయకూడదు. కాదు అని రాస్తే ఎందుకు కాదో రాయాలి, అవతలివాడు పైకి పోతాడు. అదే ఒక క్వెరీ వేసి, అంటే మార్జిన్లో ఒక ప్రశ్న రాసి పంపు, నెల పోతుంది. జవాబొస్తుంది. ఇంకొక్క క్వెరీ వెయ్యి, ఇంకో నెల. ప్లీజ్ డిస్కస్ అని రాస్తే మరీ మంచిది, డిస్కస్ చెయ్యడానికి అవతలివాడికి నువ్వు దొరకాలి గదా. అట్టా మూడు నాలుగు తిరిగేసరికి అడిగినవాడికే విసుగు పుట్టి అడగడం మానేస్తాడు. చేతికి రక్తం అంటదు. ఈ విద్యలో మా సెక్షన్లో నన్ను మించినవాడు లేడు. నా కూతురి ఫైలు మీద ఏడు నెలలు అదే ప్రయోగించాను. చప్పుడు సంగతేమిటి అంటే, కింద ఫ్లాటు సునంద ఆంటీ దగ్గరికెళ్ళి, పదింటి నుంచి అయిదింటి లోపల నడుపుకుంటే నాకు అభ్యంతరం లేదు బేటా, అని కాగితం మీద రాయించుకొచ్చింది. పొట్టు సంగతేమిటి అంటే వాక్యూమ్ గొట్టం బొమ్మ గీసి చూపించింది. కరెంటు లోడు, బాల్కనీ పలక మీద బరువు, రెండేళ్ళ తర్వాత అమ్మితే ఎంతొస్తుంది, అన్నిటికీ జవాబే. అదన్నా మామూలుగా రాసిందా, అయిదేళ్ళు మెయిన్స్‌కి ప్రాక్టీసు చేసిన చెయ్యి గదా, ఉపోద్ఘాతం, మూడు సబ్ హెడింగులు, కుడిపక్కన చిన్న డయాగ్రం, చివర వే ఫార్వర్డ్ అంటూ ఇకముందు ఏం చెయ్యాలో. నూట యాభై పదాలు మించదు. చదువుతుంటే నాకు మళ్ళీ ఆశ పుట్టేది, ఇంత బాగా రాసే పిల్లకి ఇంకొక్కసారి రాస్తే ఎందుకు రాకూడదు అని. చూడు నా బుద్ధి. అది మెషీన్ కోసం రాసిన జవాబులకి నేను మనసులో మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను.

తర్వాత మూడు కొటేషన్లు తెమ్మన్నాను. తెచ్చింది. అన్నిటికంటే చవకైంది అరచెయ్యంత బల్లది, నేమ్ ప్లేట్లు చెక్కుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. రెండోది పెద్దదే, ముక్కలుగా డబ్బాలో వస్తుంది, మనమే బిగించుకోవాలి, రబ్బరు బెల్టు మీద నడుస్తుంది. మూడోది ఇదిగో ఈ రకం, ఉక్కు మర మీద కదిలేది, అరవైకి నలభై సెంటీమీటర్ల పలక పడుతుంది, దాని వాలుబల్లకి సరిగ్గా సరిపోయే కొలత, కానీ కొత్తదైతే బడ్జెట్ దాటిపోతుంది. నేను గళ్ళు గీసి కంపారెటివ్ స్టేట్‌మెంట్ వేశాను, అలవాటు చొప్పున చవకదాని పక్కన టిక్కు పెట్టాను. అది చూసి మొదటిసారి దానికి కోపమొచ్చింది. ఇందులో నా బల్ల పట్టదు నాన్నా, పట్టని మెషీన్ చవకైతే ఏంటి, ఖరీదైతే ఏంటి, అంది. మాట నిజమే. మా ఆఫీసులో అట్టా కొన్న సామాను మూడు గదుల నిండా ఉంది. పోనీ ఆ బెల్టుది అంటే, ప్లై కోసేటప్పుడు దాని చట్రం వణుకుతుంది, వణికితే ముక్కలు దూరే గాడి లూజవుతుంది, గాడి లూజైతే మేకు కొట్టాల్సొస్తుంది, మేకు కొట్టేదానికి ఇదంతా ఎందుకు, అంది. తర్వాత వారం తిరక్కుండా ఈ షెడ్డు కనిపెట్టింది. వచ్చినవాళ్ళకల్లా చూపించడానికి రెండేళ్ళుగా రఘునందన్‌జీ వాడుతున్న మెషీన్ ఇది, డెమో పీసు. తీసేసి కొత్తది పెట్టుకుంటాడంట, ఇది సగం ధర కంటే కాస్త ఎక్కువకి వస్తుంది. వాడేసిన సరుకా, అన్నాను నేను. మా రూల్సులో సెకండ్ హ్యాండ్ కొనడమే లేదు. కొత్తదానికి ఏ రోగముందో ఎవరికీ తెలీదు నాన్నా, దీనికేముందో భయ్యాకి తెలుసు, అడిగితే చెప్తాడు, అంది. అడిగింది, చెప్పాడు కూడా, ఎడమవైపు బేరింగు మార్చాలి, అంతే. సరే, నా ఎదురుగా నీ బల్ల కోసి చూపిస్తే అప్పుడు చూద్దాం, అన్నాను. అది కూడా క్వెరీనే. ఎందుకంటే కోసి చూపించే రోజు, నేను ఖాళీగా ఉండే శనివారం, ఫారం గడువు ముగిసే రోజు, మూడూ ఒకటయ్యేలా నేనే కుదిర్చాను. పైకి యాదృచ్ఛికంగా.

చాయ్ వచ్చింది, అల్లం ఎక్కువైంది. మొదటి ముక్క కోసేసింది మెషీన్, రెండోది మొదలుపెట్టింది. ఇంద్రజ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి, బాగుందా అన్నట్టు తల ఊపింది. నేనూ ఊపాను. పొద్దున అరుంధతి చపాతీలు ఒత్తుతూ అంది, ఏడు నెలల్నుంచి దాన్ని ఇన్ని అడిగారు, రాస్తావా రాయవా అని ఒక్క మాట అడగరాదూ, అని. అడగరాదూ అంట. అడగడం ఎంతసేపు. అడిగితే అది రాయను అంటుంది, అన్నదంటే రికార్డులోకి ఎక్కుతుంది, ఎక్కినాక మళ్ళీ దాన్ని కదిపేదెట్టా. అడగనంతసేపూ ఆ కాదు అనేది లేనట్టే. ఇంట్లో మనిషికి ఈ మాట చెప్తే అర్థం కాదు, ఆవిడ ఎప్పుడూ ఆఫీసులో పనిచెయ్యలేదు. నాకు భయం, అదీ అసలు సంగతి. ఇంత వయసొచ్చి కన్నకూతురు నోటి నుంచి ఒక్క మాట వినడానికి భయం.

నా ఆశ ఏమన్నా పెద్ద ఆశా. కటవారియా సరాయ్‌లో నలుగురం ఒక గదిలో ఉండి నేను కూడా రాశాను, రెండుసార్లు, ప్రిలిమ్స్ దాటలేదు, అసిస్టెంటుగా కుదిరిపోయాను. దానికేం బాధ లేదు. కానీ మా డివిజన్‌కి పోయినేడు ఒక డైరెక్టరు వచ్చింది, నలభై ఏళ్ళు కూడా ఉండవు. ఆ పిల్ల గదిలోకి వస్తే నేను లేచి నిలబడతాను, నా మోకాళ్ళు టక్కుమంటాయి. మంచి పిల్ల, కూర్చోండి సర్ అంటుంది నన్ను. ఆ పిల్ల ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు వంగిన మెడ చూసి, ఇంద్రజ మెడ కూడా ఇట్టాగే ఉంటుంది గదా అనుకుంటాను. అంతకంటే ఏం లేదు. జీతం కోసం కాదు, కారు కోసం కాదు. ఒక గదిలోకి నా బిడ్డ పోతే అక్కడున్నవాళ్ళు లేవాలి. ఎందుకు లేవాలి అంటారా. నేను లేచీ లేచీ ఉన్నాను, అది చాలదా కారణం.

మరి రిజల్ట్స్ వచ్చిన రోజులు గుర్తురావా అంటే, ఎందుకు రావు. లిస్టు వచ్చే రోజుకి రూము నుంచి ఇంటికొచ్చేసేది, తన గదిలో కూర్చుని నంబరు వెతుక్కునేది, బయటికొచ్చి, లేదు నాన్నా, అనేది. రెండే మాటలు. వంటింట్లోకి పోయి సింకులో గిన్నెలు తోమేది. అవైపోతే కడిగి బోర్లించినవి కూడా దించి మళ్ళీ తోమేది. అరుంధతి వద్దనేది కాదు, పక్కన నిలబడి తుడిచి పెట్టేది. నేను హాల్లో టీవీ సౌండు పెంచేవాణ్ణి. నాలుగేళ్ళు వరసగా అదే. మూడోసారి మెయిన్స్‌లో ఆరు మార్కుల్లో పోయినప్పుడు ఆ స్టీలు గిన్నెల చప్పుడు ఎంతసేపు వినపడిందో. ఎక్కడ పొరపాటు జరిగింది తల్లీ అని అడిగితే, తెలీదు నాన్నా, వాళ్ళు చెప్పరుగా, అంది. ఏడాదంతా రాసిన మనిషికి ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పరు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఏది మార్చుకోవాలో తెలీకుండా. అయిదోసారి గిన్నెలు తోమలేదు. లేదు నాన్నా, అని చెప్పి చెప్పులేసుకుని బయటికిపోయి, సాయంత్రం ఒక ప్లై పలక భుజాన పెట్టుకుని వచ్చింది. లిఫ్టులో పట్టలేదంట, ఆరంతస్తులు మెట్లెక్కింది.

ఠక్‌మంది. పెద్ద చప్పుడేం కాదు, సుద్దముక్క విరిగినంత. కానీ రొద ఒక్కసారి మారిపోయింది, మోటారు గాల్లో ఊరికే తిరుగుతోంది. నేను కుర్చీలోంచి లేచేలోపల ఇంద్రజ చెయ్యి చాపి ఎర్ర మీట నొక్కేసింది. మెషీన్ ఆగిపోయింది. బిట్టు విరిగి సగం ప్లైలో దిగబడి ఉంది, మూడో ముక్క మీద అడ్డంగా ఒక గాటు పడింది. రఘునందన్‌జీ ముందు గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడు, దాచడం దేనికి, నాకు సంతోషమేసింది. దొరికింది, అనుకున్నాను. డెమోలోనే ఫెయిలైన మెషీన్. ఇంతకంటే మంచి క్వెరీ ఏముంటుంది, పాత సరుకు, నమ్మకం లేదు, మళ్ళీ మూడు కొటేషన్లు, ఇంకో మూడు నెలలు. ఈలోపు ఫారం నొక్కేస్తే ప్రిలిమ్స్ వచ్చేస్తుంది, ఇంట్లో ఖాళీగా కూర్చున్న పిల్ల పుస్తకం తియ్యక ఏం చేస్తుంది. రెండు క్షణాల్లో నా బుర్ర అంత దూరం పోయి వచ్చింది. రఘునందన్‌జీ కూడా నా మొహమే చూస్తున్నాడు, బేరం పోయిందనుకున్నాడు పాపం. నేను గొంతు సవరించుకున్నాను. నోట్ రాయడానికి ముందు నేనెప్పుడూ గొంతు సవరించుకుంటాను.

"మేరీ గల్తీ హై భయ్యా," అంది ఇంద్రజ.

కంప్యూటర్ ముందుకెళ్ళి ఒంగి చూసి, తల కొట్టుకుని నవ్వింది. తన తప్పేనంట. మొదటి రెండు ముక్కలకీ ఒక్కో పొరకి రెండు మిల్లీమీటర్లు దిగమని సరిగానే పెట్టింది, మూడోదానికి ఆరు అని కొట్టింది. ఇంత సన్నటి బిట్టు ఒక్క దెబ్బకి అంత లోతు దిగితే విరగదా మరి. మెషీన్‌ది ఏం లేదు నాన్నా, అది చెప్పింది చెప్పినట్టు చేసింది, అంది నావైపు తిరిగి. ఆ మొహం ఏం మొహం. తప్పు చేసిన మనిషి మొహంలా లేదు. దిగబడ్డ బిట్టు ముక్కని కటింగ్ ప్లయరుతో లాగి తీసింది, వెలుతురుకి పెట్టి విరిగిన కొస చూసుకుంది, రఘునందన్‌జీ ఇచ్చిన కొత్త బిట్టు స్పానరుతో బిగించింది, పాడైన ప్లై తీసి పక్కన పెట్టి ఇంకో ముక్క బిగించింది, ఆరు చెరిపేసి రెండు కొట్టింది. మొత్తం పది నిమిషాలు. మళ్ళీ మొదలైంది. ఇరవై అయిదు నిమిషాలని చూపించింది తెర మీద. చాయ్ ఉందా నాన్నా, అని అడిగి నా గ్లాసులో మిగిలింది తాగేసింది.

నేను నిలబడే ఉన్నాను. అది ఓడిపోయింది ఇప్పుడు, నా కళ్ళముందు, గింజంత ఓటమి, ఎక్కడ తప్పిందో దానికి తెలుసు, ఎవర్నీ అడగక్కర్లేదు, ఏడాది ఆగక్కర్లేదు. దిద్దుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది, నవ్వింది. అయిదేళ్ళలో నేను దాన్ని నవ్వుతూ తప్పు ఒప్పుకోగా చూశానా. అసలు ఒప్పుకోవడానికి దానికెప్పుడన్నా తప్పు కనపడిందా, కనపడనిస్తేగా వాళ్ళు. టీవీ సౌండు పెంచుకున్న మనిషిని నేను. ఆ గిన్నెల దగ్గరికి దాన్ని మళ్ళీ ఒక్కసారి పంపడానికి లంచ్ అవర్లో కూర్చుని గళ్ళు నింపాను, దాని పుట్టిన తేదీ రెండుసార్లు సరిచూసుకుని మరీ. సిగ్గేసింది. దగ్గరికెళ్ళి దాని పక్కన నిలబడ్డాను, పొట్టు నా మీద కూడా పడసాగింది.

"ఇంకేమన్నా క్వెరీ ఉందా నాన్నా?" అంది, మెషీన్ మీంచి చూపు తిప్పకుండా. ఎగతాళిగా అనలేదు, అలసటగా అంది.

"ఒకటుంది."

"అచ్ఛా, చెప్పు."

ఫోను తీసి దాని చేతిలో పెట్టాను. చూసింది. వేలితో పైకి జరుపుతూ మొదట్నుంచీ చదివింది, దానికి ఏదైనా పూర్తిగా చదవడం అలవాటు. ఎంతసేపు చదివిందో, మూడో ముక్క మీద బిట్టు ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ఆప్షనల్ సబ్జెక్టు కరెక్ట్‌గానే పెట్టావే," అంది. ఫోను నా చేతికి తిరిగిచ్చి, "నన్నడగచ్చుగా నాన్నా. ఇన్ని అడిగావు."

"ఇప్పుడడుగుతున్నాను తల్లీ. రాస్తావా?"

"రాయను," అంది. "మెషీన్ కొన్నా రాయను, కొనకపోయినా రాయను. కొనిపెట్టావు కదా అని రాస్తే, రేపు దీంతో కోసిన బల్ల మీద ఎవరో చదువుకుంటుంటే నాకు ఏడుపొస్తుంది."

ఏడు నెలలు నేను తప్పించుకు తిరిగిన మాట, ఇంతే, రెండు సెకన్లు పట్టలేదు. నొప్పి పుట్టలేదంటే అబద్ధం. ఆ డైరెక్టరు పిల్ల వంగిన మెడ గుర్తొచ్చింది, అది ఇంక ఎప్పటికీ వేరేవాళ్ళ అమ్మాయి మెడే. కానీ పడిపోతాననుకున్నాను, పడిపోలేదు. మా ఆఫీసులో రిజెక్టయిన ఫైలుని కూడా పరిష్కారమైనట్టే లెక్కేస్తాం, సెక్షన్లోంచి పోతుంది, బల్ల ఖాళీ అవుతుంది. బాధపడ్డావా, అంది ఇంద్రజ. పడ్డాను, అన్నాను. నిజమే చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుంది, దాని వేళ్ళ కొసలు గరుకుగా ఉన్నాయి, ఎప్పట్నుంచి ఇట్టా ఉన్నాయో నేను చూసుకోలేదు. ఇద్దరం అట్టాగే నిలబడి ఆ మూడో ముక్క తెగేదాకా చూశాం. అయ్యాక అది మూడు ముక్కలూ తీసి అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, ఒకదాంట్లో ఒకటి అరచేత్తో నొక్కింది. సుత్తి అడగలేదు. వాలుబల్ల నిలబడింది. దానిమీద నా రెండు మోచేతులూ ఆనించి బరువేసి చూశాను, కదల్లేదు.

"ఇదే తీసుకుంటాం రఘునందన్‌జీ," అన్నాను. "ఆ ఎడమ బేరింగు మార్చి ఇవ్వాలి."

ఆయన సంతోషంగా బిల్లు బుక్కు, వారంటీ కార్డు పట్టుకొచ్చి బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆరు నెలల వారంటీ తన తరఫున ఇస్తానన్నాడు. పేరు అన్నాడు, ఇంద్రజ అని చెప్పాను. అడ్రసు వైశాలిది చెప్పాను. మొబైల్ నంబర్, అన్నాడు. నౌ ఆఠ్ ఏక్ ఏక్, అని హిందీలో గడగడా చెప్పుకుపోతున్నాను, నా నంబరు. ఎల్‌కేజీ అడ్మిషన్ నుంచి దాని ప్రతి కాగితం మీదా నా నంబరే రాసి రాసి, అదొక్కటే అలవాటు. నాలుగంకెల దగ్గర ఆగిపోయాను. అది కాదు, కొట్టెయ్యండి, అమ్మాయి నంబరు రాసుకోండి, మెషీన్ అమ్మాయిది, అన్నాను. సరేనని కొట్టేసి, బోలియే సర్, అంటూ పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నేను నోరు తెరిచాను. నా కూతురి నంబరు నాకు నోటికి రాదు. ఫోన్లో అమ్మడు అని ఉంటుంది, దానిమీద వేలు పెడితే పలుకుతుంది, అంతవరకే తెలుసు నాకు. ఇంద్రజ ఒక్క క్షణం నన్ను చూసి, ఒక్కో అంకే విడివిడిగా చెప్పడం మొదలుపెట్టింది. రఘునందన్‌జీ పదీ రాసుకుని కార్డు చింపి ఇచ్చాడు. ఆగు తల్లీ, అన్నాను. నాక్కూడా ఇంకోసారి చెప్పు, మెల్లిగా.